ఆఫ్రికా ఖండపు ఆర్థిక చరిత్ర – లెక్కలును సాక్ష్యములును

ఒక దేశపు జనులు తరతరములుగా ఏమి పండించిరి, ఏమి తినిరి, ఏ సరకును ఎవరికి విక్రయించిరి, ఎవరికి పన్ను చెల్లించిరి, వారి బ్రతుకు మెరుగుపడినదా, క్షీణించినదా అను ప్రశ్నలకు సమాధానము వెదకునది ఆర్థిక చరిత్ర. మన దేశమును గూర్చి ఈ ప్రశ్నలు వేసినచో తిరుగవేయుటకు కాగితములకు కొదువ లేదు. దేవాలయ శాసనములందు భూదానముల వివరములు కలవు. అక్బరు కాలపు ఐన్-ఇ-అక్బరీలో పంటల ధరలును శిస్తు రేట్లును కలవు. గ్రామ కరణముల లెక్కలు, ఆంగ్ల ప్రభుత్వము నాటి సెటిల్మెంటు రిపోర్టులు గదుల కొలది నిండియున్నవి. సహారా ఎడారికి దక్షిణమున నున్న ఆఫ్రికాను గూర్చి యివే ప్రశ్నలు వేసినచో అట్టి కాగితములు మిక్కిలి అరుదుగా లభించును. కాగితము లేనిచోట చరిత్రను ఎట్లు వ్రాయవలెను? వ్రాసినదానిని ఎంతవరకు నమ్మవలెను? గత డెబ్బది సంవత్సరములుగా పండితులు ఈ ప్రశ్నలతో పెనగులాడుచున్నారు. ఈ పెనగులాట ఫలితము విశ్వవిద్యాలయముల గోడలు దాటి ప్రభుత్వ కార్యాలయములను, రైతుల పొలములను గూడ తాకినది. ఒక ఖండపు గతమును గూర్చి పాతుకొనిన తప్పుటభిప్రాయము వలన అపారమైన ప్రజాధనము మట్టిపాలైన సందర్భములు కలవు.

కాగితము లేదు గనుక చరిత్రయే లేదని తీర్మానించినవారు తొలుత పెక్కురు. జర్మను తత్త్వవేత్త హేగెల్ ఉపన్యాసములు ఆయన మరణానంతరము 1837లో అచ్చయినవి. ఆఫ్రికాను ఆయన ప్రపంచ చరిత్ర పరిధికి వెలుపల నుంచెను. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు హ్యూ ట్రెవర్-రోపర్ 1963లో గూడ, ఆఫ్రికాలో యూరోపియనులు చేసిన పనుల చరిత్ర తప్ప బోధింపదగినది వేరొకటి కానరాదను అభిప్రాయమునే వెల్లడించెను. ఆయన ఆ మాట అనునాటికే దానికి సమాధానము అచ్చయి యుండెను. నైజీరియా చరిత్రకారుడు కెన్నెత్ ఒన్వుకా డైకే 1830 మొదలు 1885 వరకు నైగర్ డెల్టాలో నడచిన వాణిజ్యమును, రాజకీయములను వివరించు గ్రంథమును 1956లో ప్రకటించెను. బ్రిటిషు కాన్సలుల రికార్డులను ఆయన చదివెను. అంతటితో తృప్తిపడక డెల్టా వర్తక కుటుంబములలో నోటి మాటగా నిలిచిన కథనములనుగూడ సేకరించెను. ఆ తీరమున పామాయిలు వ్యాపారమును చేతిలో నుంచుకొన్నవారు ఆఫ్రికను వర్తకులే యనియు, తెల్లవారు చిరకాలము తీరమున లంగరు వేసిన ఓడలలోనే నివసించుచు, స్థానిక పాలకులకు సుంకము చెల్లించి బేరములాడిరనియు తేటపడినది. నైజీరియాలో ప్రభుత్వ రికార్డులను భద్రపరచు కార్యాలయము ఏర్పడుటకు ముఖ్య కారకుడును ఆయనయే.

బెల్జియము పండితుడు యాన్ వాన్సీనా 1961లో మౌఖిక కథనములను చారిత్రక సాక్ష్యముగా వాడుటకు నియమములు ఏర్పరచు గ్రంథమును వెలువరించెను. ఒకే సంఘటనను వేర్వేరు కుటుంబములవారు చెప్పునపుడు కథనములు ఎచట కలియుచున్నవి, ఎచట విడిపోవుచున్నవి, చెప్పువానికి అందులో గల స్వప్రయోజనమేమి అని పరీక్షింపవలెనని ఆయన బోధించెను. న్యాయస్థానమున సాక్షులను విచారించు పద్ధతియు ఇట్టిదే. కాగితమునకైనను ఈ విచారణ తప్పదని ఆఫ్రికా చరిత్రకారులు క్రమముగా గ్రహించిరి.

ఇంతకును ఆఫ్రికాలో కాగితములేల తక్కువ? లిపి లేమి కొంతవరకే కారణము. టింబక్టూ నగరమున అరబ్బీ లిపిలోని వేలకొలది వ్రాతప్రతులు నేటికిని నిలిచియున్నవి. మరియొక కారణము ఆర్థిక స్థితిలోనే కలదు. ఏ. జి. హాప్‌కిన్స్ 1973లో ప్రకటించిన పశ్చిమాఫ్రికా ఆర్థిక చరిత్రలో, అచట నేల విస్తారమనియు, దానిని దున్ను చేతులు కొరత యనియు నొక్కి చెప్పెను. నేల విస్తారముగా నున్నచోట నేలకు ధర యుండదు. ధర లేని నేలను కొలిచి, గట్లు నిర్ణయించి, ఎవరి పేర ఎంత కలదో వ్రాసి యుంచు కరణముతో పనియుండదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో రాజునకు బలము భూమి శిస్తు. ఆఫ్రికాలోని అనేక రాజ్యములందు రాజునకు బలము తన్ను ఆశ్రయించిన జనుల సంఖ్య. పాలకుడు పీడించినచో రైతు ఆ సీమను విడిచి, వేరొకచోట అడవి నరికి సాగు చేసికొనగలడు. కావున పాలకులు మనుష్యులను పట్టియుంచుటకే ఎక్కువగ యత్నించిరి. వివాహ సంబంధములు, ఆశ్రయము, దాస్యము అందుకు సాధనములైనవి. ఇథియోపియాలోని ఎత్తైన భూములు దీనికి మినహాయింపు. అచట నాగటి సేద్యమును, భూమిపై పన్నును, భూదాన పత్రములును కలవు. కాగితము లేకపోవుటయు ఒక దేశపు ఆర్థిక స్థితిని తెలుపు సాక్ష్యమే యని దీనివలన గ్రహింపవచ్చును.

లోపలి కాగితములు లేనిచోట బయటివారి వ్రాతలు కొంత వెలుగు చూపును. మాలీ చక్రవర్తి మన్సా మూసా 1324లో మక్కా యాత్రకు పోవుచు కైరో నగరమున వెదజల్లిన బంగారమునకు, అచట బంగారపు ధర పడిపోయి పండ్రెండేండ్లయినను కోలుకొనలేదని అల్ ఉమరీ వ్రాసెను. ఇబ్న్ బతూతా 1352లో సహారా దాటిపోవుచు తగాజా అను ఊరిని చూచెను. అచటి యిండ్ల గోడలు ఉప్పు పలకలతో కట్టినవి, కప్పులు ఒంటె తోళ్లు. ఆ యుప్పు దక్షిణమునకు పోవుచుండెను, అచటి బంగారము ఉత్తరమునకు వచ్చుచుండెను. అంతకు ముందే 1331లో ఆయన తూర్పు తీరపు కిల్వా రేవును దర్శించెను. సొఫాలా బంగారము ఆ రేవున చేతులు మారెడిది, గుజరాతు లోని ఖంభాతు నుండి బట్టలును పూసలును ఆ తీరమునకు చేరెడివి. ఈ సాక్ష్యములు విలువైనవే. అయినను యాత్రికుడు చూచినది రాజసభను, రేవును, సంతను మాత్రమే. జొన్న దంచు ఇల్లాలు, పశువుల కాపరి అతని పుస్తకమున కానరారు. అల్ ఉమరీ మాటను బట్టి మాలీలో ప్రతి రైతును ధనవంతుడని భావించుట, ఢిల్లీ నెమలి సింహాసనమును చూచి నాటి పల్లెటూరి బ్రతుకును నిర్ణయించుట వంటిది.

హిందూ మహాసముద్రపు వస్తువులు పడమటి తీరమునకును చేరెను. తెలుగులో విలువ లేనిదానిని చిల్లిగవ్వతో పోల్చుట వాడుక. పశ్చిమాఫ్రికాలో గవ్వయే నాణెము. దహోమీ రాజ్యమున గవ్వలకు చిల్లి పొడిచి దారమున గ్రుచ్చెడివారు. 40 గవ్వలు ఒక దండ, 50 దండలు, అనగా 2,000 గవ్వలు, ఒక 'తల'. ఈ గవ్వలు మాల్దీవులలో దొరకినవి. బంగాళము, సింహళము రేవుల మీదుగా ఐరోపా చేరి, ఆమ్‌స్టర్‌డామ్, లండను విపణులలో అమ్ముడుపోయి, మరల ఓడలకెక్కి గినీ తీరమున దిగెడివి. 19వ శతాబ్దపు నడుమ జాంజిబారు ప్రాంతపు చౌక గవ్వలను యూరోపియను వర్తకులు ఓడల కొలది తెచ్చి దింపగా గవ్వ విలువ పడిపోయెను. ఇంటిలో కుండల నిండ గవ్వలు దాచుకొన్న కుటుంబముల పొదుపు కరగిపోయినది. ప్రభుత్వము నోట్లను మితిమీరి ముద్రించినపుడు ఏమగునో అదియే అచట జరిగినది.

గవ్వలతో పాటు మన నేతబట్టయు పోయెను. మచిలీపట్టణము చిరకాలము ముఖ్యమైన రేవుగా నున్న కోరమండల తీరమున ఇంగ్లీషు, డచ్చి కంపెనీలు కొన్న బట్టలలో కొంత భాగము ఆఫ్రికా వ్యాపారమునకు పోయెడిది. 'గినీ బట్ట' యను పేరే దానికి గుర్తు. 19వ శతాబ్దమున పుదుచ్చేరి నీలిబట్ట సెనెగల్ నదీ తీరమున తుమ్మబంక వ్యాపారములో నాణెము వలె చెలామణి అయ్యెను. అచటి కొనుగోలుదారులు రంగును, నేతను పరీక్షించి చూచెడివారు. ఫ్రాన్సులో అనుకరించి చేసిన బట్టను వారు ఇష్టపడలేదు. ఆఫ్రికనులు గాజుపూసలకు మోసపోయిన అమాయకులను పాత కథను ఈ వ్యాపార లెక్కలే ఖండించుచున్నవి.

అయితే ఆ బట్టకును గవ్వకును మారుగా ఆఫ్రికా ఏమి ఇచ్చెను? బంగారము, తుమ్మబంక, ఏనుగు దంతములు కొంత. అన్నింటికంటె ఎక్కువగ మనుష్యులను. అట్లాంటిక్ బానిస వ్యాపారపు లెక్క ఆర్థిక చరిత్రకారులకు పెట్టిన పరీక్ష ఇంతింత కాదు. కోటిన్నర యనియు రెండు కోట్లనియు అంకెలు ఒక పుస్తకము నుండి మరియొక పుస్తకమునకు ప్రాకుచు వచ్చెను. ఫిలిప్ కర్టిన్ 1969లో ఆ అంకెల వంశవృక్షమును వెదకుచు పోగా, పెక్కు లెక్కలు 1861లో ఒక రచయిత ఊహించి వ్రాసిన అంచనా యొద్దకు పోయి చేరినవి. దానిని తరువాతివారు పరీక్షింపక ఒకరిని చూచి యొకరు ఎత్తి వ్రాసికొనిరి. కర్టిన్ అచ్చయిన గణాంకముల నన్నిటిని కూడి, అమెరికా ఖండములలో దిగినవారు సుమారు 95 లక్షలని లెక్కవేసెను. పిమ్మట అనేక దేశముల పండితులు కలిసి ఓడ ఓడకు వివరములు సేకరించిరి. ఇప్పటికి దాదాపు 36,000 ప్రయాణముల వివరములు ఒక పట్టికలో చేరినవి. దాని ప్రకారము 16వ శతాబ్దారంభము మొదలు 1860 దాటువరకు ఆఫ్రికా తీరమున ఓడలకెక్కింపబడినవారు సుమారు కోటి 25 లక్షలు, బ్రతికి అవతలి తీరమున దిగినవారు సుమారు కోటి 7 లక్షలు. రెండు అంకెల నడుమ గల వ్యత్యాసము సముద్రములో కలిసిన ప్రాణములు.

ఈ పట్టిక ఎంత గొప్పదైనను దానిని వ్రాసిన కలము ఎవరిదో మరువరాదు. ఓడ యజమానులు, భీమా వ్యాపారులు, సుంకపు అధికారులు తమ లాభనష్టముల కొరకు వ్రాసికొన్న చిట్టాలవి. తీరమునకు నడిపించు దారిలో మరణించినవారు, దాడులలో కాలిన గ్రామములు, భయముతో విడిచిన పొలములు ఆ చిట్టాకెక్కలేదు. సహారా మీదుగాను, ఎర్ర సముద్రము, హిందూ మహాసముద్రముల మీదుగాను పోయిన బానిసలకు ఇట్టి చిట్టాలు దాదాపు లేవు. లెక్కకు వచ్చిన బాధ పెద్దదిగాను, లెక్కకు రాని బాధ చిన్నదిగాను కనబడు ప్రమాదము ఇట్లు ఏర్పడినది.

ఈ వ్యాపారము ఖండపు నేటి పేదరికమునకు ఎంతవరకు కారణము? గయానాలో పుట్టి దార్-ఎస్-సలామ్ విశ్వవిద్యాలయమున బోధించిన వాల్టర్ రాడ్నీ 1972లో వెలువరించిన గ్రంథమున, ఆఫ్రికా వెనుకబాటుతనము సహజమైనది కాదనియు, ఐరోపా అభివృద్ధికి అది మరియొక ముఖమనియు వాదించెను. దాదాభాయి నౌరోజీ రచనల నెరిగిన భారతీయునకు ఈ వాదము క్రొత్త కాదు. నౌరోజీ 1870 తరువాతి దశకమున బ్రిటిషు ప్రభుత్వపు లెక్కలనే చేతబట్టి, భారతీయుని సగటు ఆదాయము ఏడాదికి 20 రూపాయలని తేల్చి, దేశసంపద సముద్రము దాటుచున్నదని చూపెను. ఇటీవలి ఆర్థికవేత్తలు ఈ ప్రశ్నను గణితముతో పరిశీలించుచున్నారు. ఎక్కువమందిని బానిసలుగా కోల్పోయిన ప్రాంతములు నేడు ఎక్కువ పేదవిగా నున్నవని నేథన్ నన్ 2008లో ప్రకటించెను. వలస పాలకులు స్థిరపడి నివసించిన చోట్ల ఒక రకపు సంస్థలును, రోగభయముతో స్థిరపడని చోట్ల దోపిడికి తగిన సంస్థలును ఏర్పడినవని అసిమోగ్లు, జాన్సన్, రాబిన్సన్ 2001లో వాదించిరి. ఈ మువ్వురకు 2024లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను.

గారెత్ ఆస్టిన్ వంటి చరిత్రకారులు ఈ పద్ధతిలో ఒక లోపమును చూపిరి. నాలుగు వందల యేండ్ల క్రిందటి కారణమును నేటి ఫలితముతో సూటిగా ముడివేసినచో నడుమ జరిగిన చరిత్ర యంతయు నలిగి మాయమగును. ఆ నడుమనే జనులు బుద్ధిని, కష్టమును వినియోగించి తమ బ్రతుకులను మార్చుకొన్న కాలములు కలవు. గోల్డ్ కోస్టు, అనగా నేటి ఘానా, కోకో పంటయే ఇందుకు తార్కాణము. 1891లో అచటినుండి ఎగుమతియైన కోకో 80 పౌన్లు. ఇరువది యేండ్లు గడచి 1911 వచ్చునప్పటికి ఎగుమతి సుమారు 40,000 టన్నులకు పెరిగి, ఆ దేశము ప్రపంచములో ప్రథమ స్థానమున నిలిచెను. ఈ తోటలు తెల్లదొరల ఎస్టేట్లు కావు.

ప్రభుత్వ రిపోర్టులు చిరకాలము ఈ రైతును ఇంటి పెరటిలో నాలుగు చెట్లు నాటుకొన్న చిన్నవానిగా చిత్రించెను. ఇంగ్లండుకు చెందిన పాలీ హిల్ గ్రామములలో తిరిగి, తోటల పటములను, కొనుగోలు వివరములను పరిశీలించి 1963లో వేరొక చిత్రమును ప్రకటించెను. అక్వపిమ్ కొండల రైతులు పామాయిలు మొదలగు వ్యాపారములలో కూడబెట్టిన సొమ్ముతో పడమటి అడవులలో భూములు కొనిరి. కొందరు బంధుత్వమును బట్టియు, మరికొందరు 'కంపెనీ' యని తామే పేరు పెట్టుకొన్న సంఘములుగా చేరియు కొని, వాటాల ప్రకారము పొడవాటి పట్టెలుగా పంచుకొనిరి. ఒక తోట లాభముతో మరియొక భూమిని కొనిరి. అనేక సంవత్సరముల తరువాత వచ్చు ఫలమునకై నేడు సొమ్ము పెట్టు వీరిని ముందుచూపు లేనివారనుట ఎట్లు? పాలీ హిల్ పిమ్మట మన కర్ణాటక గ్రామములకు వచ్చి, అచటి మెట్టసేద్యమును ఉత్తర నైజీరియా మెట్టసేద్యముతో పోల్చి 1982లో గ్రంథము ప్రకటించెను.

ఉత్తర నైజీరియాలోని కానో నగరపు వేరుసెనగ కథయు ఇట్టిదే. 1911–12 సంవత్సరములలో రైలు కానో చేరినపుడు, లాంకషైరు మిల్లులకు ప్రత్తి వచ్చునని బ్రిటిషువారు ఆశించిరి. హౌసా వర్తకులును రైతులును ధరలు చూచుకొని వేరుసెనగను ఎంచుకొనిరి. అమ్ముడుపోకున్నను తినుటకు పనికివచ్చు పంట అది. కొలది కాలములోనే స్టేషను నిండ బస్తాలు గుట్టలు పడెను. ప్రణాళిక లేదు, అధికారి ఉత్తరువు లేదు. రైతు లెక్కయే నిలిచెను.

ముప్పదియైదేండ్ల తరువాత అదే వేరుసెనగతో టాంగన్యికాలో జరిగినది తలచుకొనదగినది. రెండవ ప్రపంచ యుద్ధానంతరము బ్రిటనులో నూనె కొరత యేర్పడగా, 30 లక్షల ఎకరములకు పైగా పొదల భూమిని యంత్రములతో నరికి వేరుసెనగ వేయవలెనని 1946లో తలపెట్టి మరుసటి యేడు పని మొదలిడిరి. కేంద్రము కొంగ్వా అను చోటు. అది ఖాళీ భూమి యని కాగితము చెప్పెను. అచట పశువులను మేపుచు జొన్న, సజ్జ పండించుకొను గోగో జనులు తరతరములుగా ఆ నేలను విస్తారముగా సాగుచేయకుండుటకు కారణమేమని లోతుగా విచారింపలేదు. యుద్ధములో మిగిలిన ట్రాక్టర్లు మొండి తుప్పల వేళ్లకు తగిలి విరిగినవి. వానలు తప్పెను. వేసవిలో బంకమట్టి యిటుక వలె గట్టిపడి కాయను పెరుకనీయలేదు. 1951 జనవరిలో పథకమును విడిచిపెట్టిరి. అప్పటికి ఖర్చైన ధనము సుమారు 3 కోట్ల 60 లక్షల పౌన్లు. అనంతపురము జిల్లా మెట్టరైతును ఒక్కనిని పిలిచి అడిగినను, ఆ మట్టిని పిడికిట బట్టి చూచి, ఆకాశము వంక చూచి, సంగతి చెప్పియుండెడివాడు. ఆఫ్రికా రైతునకు చరిత్ర లేదు గనుక అనుభవమును లేదను నమ్మకమే ఆ లెక్కలో ప్రధానమైన తప్పు.

స్వాతంత్ర్యము వచ్చినంతమాత్రమున లెక్కల బెడద తీరలేదు. గోల్డ్ కోస్టులో కోకోను కొను ఏకైక అధికారము 1947లో ఒక మార్కెటింగు బోర్డుకు దక్కెను. ప్రపంచ విపణిలో ధర మండిపోవుచున్న 1954లో రైతునకు చెల్లించు ధరను 60 పౌన్ల బరువునకు 72 షిల్లింగులుగా నిర్ణయించిరి. మిగులు ధనము దేశాభివృద్ధి కనిరి. ఆ ధనముతో మంచిపనులును జరిగినవి. కాని చాలని ధర వలన కొన్ని దశాబ్దములలో రైతులు తోటలను నిర్లక్ష్యము చేసిరి. కొందరు రాత్రివేళ బస్తాలను సరిహద్దు దాటించిరి. ఆ కోకో ఐవరీ కోస్టు, టోగో దేశముల లెక్కలలో వారి పంటగా నమోదయ్యెను. 1970 తరువాతి దశకపు ఘానా కోకో అంకెలను చూచు చరిత్రకారుడు, చెట్టున కాయనిది ఎంత, సరిహద్దు దాటినది ఎంత అని వేరుపరుపవలసి వచ్చెను.

నైజీరియాలో జనసంఖ్యయే వివాదమైనది. శాసనసభలలో స్థానములును, ఆదాయపు వాటాలును జనసంఖ్యపై ఆధారపడుటచే ప్రతి ప్రాంతమును తన వారిని ఎక్కువ చూపుటకు యత్నించెను. 1962 నాటి గణనను రద్దుచేసిరి. 1963 నాటి గణన 5 కోట్ల 56 లక్షలు చూపగా దానిని పలువురు నమ్మలేదు. 1973 నాటి గణనయు రద్దయ్యెను. 1991 గణనలో 8 కోట్ల 85 లక్షలు రాగా, అంతవరకు వాడుకలో నున్న అంచనాలు చాల ఎక్కువని తేలినది. జనసంఖ్య మారినచో తలసరి ఆదాయము, తలసరి తిండి, బడికి పోవు పిల్లల శాతము అన్నియు మారును.

ఘానా ప్రభుత్వము 2010 నవంబరులో జాతీయాదాయపు లెక్కల ప్రాతిపదిక సంవత్సరమును మార్చగా దేశపు స్థూలోత్పత్తి ఒక్కమారుగా 60 శాతము హెచ్చినది. 2014 ఏప్రిలులో నైజీరియా 1990కి బదులు 2010ని ప్రాతిపదికగా తీసికొని టెలిఫోను సేవలు, సినిమా వంటి క్రొత్త వ్యాపారములను చేర్చగా, 2013 ఉత్పత్తి పాత లెక్క కన్న 89 శాతము అధికమైనది. ఆ దినమున ఎవరి చేనిలోను ఒక పెండలపు దుంపయైనను అదనముగా పండలేదు. నార్వే పండితుడు మోర్టెన్ యెర్వెన్ ఆయా దేశముల గణాంక కార్యాలయములకు స్వయముగా పోయి, చాలని సిబ్బంది, పాత సర్వేలు, ఊహించి పూరించిన గడులు ఎట్లు అంతర్జాతీయ నివేదికలలో నిశ్చితములైన అంకెలుగా మారుచున్నవో 2013లో ఒక గ్రంథమున చూపెను. ఫైలులోని అంకె పైమెట్టు ఎక్కినకొలది దాని యందలి సందేహము జారిపోవును. కార్యాలయములలో పనిచేయువారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కర లేదు.

ఈ లోపములు చూచి పరిశోధకులు నిరుత్సాహపడలేదు. వేరొక పనికై వ్రాసిన కాగితములలో బ్రతుకు జాడలు వెదకుచున్నారు. ఫ్రాంకేమా, వాన్ వైయెన్‌బర్గ్ అను ఇద్దరు వలస ప్రభుత్వపు నివేదికలలోని కూలి రేట్లను, తిండి ధరలను చేర్చి 2012లో లెక్కవేయగా, పశ్చిమాఫ్రికా బ్రిటిషు నగరములలోని కూలివాని నిజ వేతనము నాటి కొన్ని ఆసియా నగరముల కంటె మెరుగని తేలినది. తూర్పు ఆఫ్రికాలో అది తక్కువ. అలెగ్జాండర్ మొరాది ఘానా, కెన్యాలలో సైన్యమున చేరినవారి ఎత్తులను బట్టి వారి బాల్యపు పోషణను అంచనా కట్టెను. ఉగాండాలోని నమిరెంబే చర్చి వివాహ రిజిస్టర్లలో 19వ శతాబ్దాంతము మొదలు వధూవరుల వృత్తులును, వారి తండ్రుల వృత్తులును నమోదై యున్నవి. కొడుకు తండ్రి కన్న మెరుగైన పనిలో చేరెనా యను ప్రశ్నకు ఆ రిజిస్టరు బదులు చెప్పుచున్నది. సైన్యము పొట్టివారిని త్రోసిపుచ్చును, చర్చి రిజిస్టరు క్రైస్తవులనే చెప్పును. ఈ పరిమితులను ముందే చెప్పి లెక్కవేయుట నేటి పరిశోధనలోని మంచి ఆచారము.

ఈ పరిశోధన యంతటిని కలిపి చూచినచో ఆఫ్రికా ఎల్లకాలము నిద్రించిన ఖండమును కాదు, ఎల్లకాలము దెబ్బలు తినిన ఖండమును కాదు. వృద్ధియు క్షయమును పలుమార్లు వచ్చిపోయిన ఖండము. కోకో, వేరుసెనగల తొలి దశాబ్దములలో వృద్ధి కలదు. స్వాతంత్ర్యానంతరము 1970ల నడిమి వరకు అనేక దేశములలో వృద్ధి కలదు. పిమ్మట ఇరువది యేండ్ల క్షీణత, 1990ల నడిమి నుండి మరల వృద్ధి. క్షీణదశలోని ఇరువది యేండ్లను మాత్రమే చూచి ఆ జనుల స్వభావమే అంతయని తీర్పు చెప్పుట అన్యాయము. 1900 నాటి భారత కరవులను మాత్రమే చూచి మనలను గూర్చి తీర్పు చెప్పినవారును కలరు.

ఈ చరిత్రలో భారతీయ పండితులు చేయదగిన పనియు మిగిలియున్నది. చెన్నైలోని రికార్డుల భాండాగారమున సెయింట్ జార్జి కోటకు చెందిన కంపెనీ పత్రములు భద్రముగా నున్నవి. ఏ తీరపు సాలెలకు బయానా ఎంత, బట్ట వెడల్పు ఎంత, ఏ ఓడకు ఎన్ని మూటలు అను వ్యవహారములు అట్టి పత్రములలో దొరకును. ఆ మూటలలో కొన్ని లండను మీదుగా గినీ తీరము చేరి, అచట ఒక్కొక్క మనుష్యునకు మారుగా కొలిచి యిచ్చినవి. మగ్గము మీద కూర్చున్న నేతగానికి ఆ సంగతి తెలియదు. బట్టకు మారుగా ఓడకెక్కింపబడినవానికి నేతగాని పేరు తెలియదు. ఇరువురి లెక్కలును నాడు వేర్వేరు వ్యాపార పుస్తకముల పుటలలో నుండెను. ఆ పుటలను ప్రక్క ప్రక్కన పెట్టి చదువు పని మన విద్యార్థులలో ఎవరైన చేపట్టదగియున్నది.